మీ తప్పేం లేదన్న మాట

ఐటీ ఉద్యోగం దొరికితే చాలు, బతుకు ఒడ్డున పడ్డట్టే అనుకునే రోజులవి. దేశం కాని దేశంలో, క్లెమెంటి అనే పేటలో అద్దెకుండేవాళ్లం. మా ఆయన ఆఫీసులో సర్వర్ గదికి కొత్తగా కేబుళ్లు వేస్తున్నారు. నేల మీది పలక ఒకటి తీసి, అడ్డం ఏమీ పెట్టకుండా వదిలేశారు. మా ఆయన ఆ కంతలోంచి కింద కేబుళ్ల గుంతలో పడ్డాడు. వెన్నెముక దెబ్బతింది. మళ్లీ నడుస్తాడో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు. ఉద్యోగం పోతే అక్కడ ఉండనిచ్చే పాస్ పోతుంది. పాస్ పోతే వైద్యం సగంలో వదిలేసి దేశం దాటాలి.

ఆ పలక తీసింది శ్రీకాకుళం నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చిన ఒక పెద్దాయన. ఆసుపత్రికి ఆపిల్ పళ్లు పట్టుకొచ్చాడు. వెంట వాళ్ల కంపెనీ మేనేజరు ఉన్నాడు.

"నాదే తప్పు బాబూ. పలక తీసీసి టీకి ఎల్లిపోనాను" అని మంచం పట్టుకుని ఏడ్చాడు.

చూడ్డానికొచ్చి ఏడుస్తున్న పెద్దవాడితో, అవును, నీ తప్పే అనే నోరు మా ఇళ్లలో ఎవరికీ లేదు. మా ఆయన ఆ నొప్పిలోనే, "మీ తప్పేం లేదు బాబాయ్, నేనే చూసుకోవాల్సింది" అన్నాడు. "మా టైం బాలేదు, మీరేం చేస్తారు" అని నేనూ వంత పాడాను. మేనేజరుకి తెలుగు బాగానే వచ్చు. మా మాట గుర్తుపెట్టుకుని, ఆయన మాట మరిచిపోయాడు.

మర్యాద కొంప ముంచిందని, పరిహారం కోసం వెళ్లాక లాయరమ్మ దగ్గర తెలిసింది. కాయకష్టం చేసేవాళ్లకైతే ఎవరి తప్పని అడగకుండా పరిహారం ఇప్పించే చట్టం ఉందట. మా ఆయనది కుర్చీ ఉద్యోగం, పైగా పెద్ద జీతం, కాబట్టి అది వర్తించదు. కోర్టులో వాళ్ల తప్పు రుజువు చేయాలి. "మీ ఆయనే తన తప్పని ఒప్పుకున్నారని వాళ్లంటున్నారు" అందామె. కొన్నేళ్ల తర్వాత చట్టం మార్చి కుర్చీ ఉద్యోగులనూ చేర్చారు. చేతులు కాలాక ఆకులు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

టోవా పాయో అనే పేటలో పని చేస్తున్నాడని తెలిసి ఆ పెద్దాయన దగ్గరికి పరిగెత్తాను. సిగ్గు విడిచి, నలుగురిలో చేతులు పట్టుకున్నాను.

"బాబాయ్, జరిగింది మీరు చెప్పకపోతే వైద్యానికి డబ్బు రాదు, మా ఆయన మంచానికే అతుక్కుపోతాడు."

"సెప్తే నా పర్మిటు పీకెత్తారమ్మా" అన్నాడు. చేతులు విడిపించుకుని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. "బాబు లెగిసి నడవాల గదా. వస్తాన్లే."

వచ్చాడు. లాయరమ్మ ముందు, దుబాసీ ముందు, టీకి వెళ్లిన సంగతితో సహా అంతా చెప్పాడు. మేం లిఫ్టు దాకా సాగనంపాం. తలుపు తెరుచుకున్నా ఎక్కలేదు.

"నాదే తప్పు గదమ్మా" అన్నాడు, నా మొహంలోకి చూస్తూ.

పుట్టిన దగ్గర్నుంచీ అలవాటైన జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన లాయరమ్మ ఉంది, దుబాసీ ఉన్నాడు. పళ్లు బిగించి ఊరుకున్నాను. ఆయన ఇంకాసేపు ఆగి, లిఫ్టు ఎక్కాడు.