ఎడమ సీటు మనిషి

మా బండికి స్టీరింగు కుడివైపు ఉంటుంది. ఈ బర్మాలో, యాంగోన్ రోడ్ల మీద బళ్ళు నడిచేదీ కుడివైపే. జపాన్ నుంచి వచ్చిన పాత పికప్పు, ఏం చేస్తాం! ముందు లారీ అడ్డంగా ఉంటే దాన్ని దాటొచ్చో లేదో నడిపే మనిషికి కనబడి చావదు. ఎడమ సీటులో ఉన్న మనిషి కిటికీలోంచి మెడ బయటపెట్టి, ఎదురుగా ఏమీ రావడం లేదని చూసి, "ఎల్లు" అనాలి. ఆ మాట తప్పయితే ఇద్దరూ పోతారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మా బండిలో ఆ మాట చెప్పింది నేనే.

యాంగోన్ తామ్వే పేటలో మాకు పచారీ కొట్టు ఉంది. బోటాటౌంగ్ గోదాముల్లో పప్పులూ నూనె డబ్బాలూ ఎత్తుకుని, నగరం దాటి ఉత్తరంగా వెళ్ళి, పొలాల మధ్య మనవాళ్ళుండే పల్లెల్లో వేసి వచ్చేవాళ్ళం. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడ పాతుకుపోయినవాళ్ళు. తారు రోడ్డు దిగాక అంతా మట్టి దారే. బడి దూరం, ఆసుపత్రి ఇంకా దూరం. పెద్దవాళ్ళలో, అందులోనూ ఆడవాళ్ళలో, నాలుగు ముక్కలు చదవగలిగిన మనిషి కనబడేది కాదు. వాళ్ళ సంగతి ఎందుకు, నేను మాత్రం ఏం పొడిచాను? బర్మా మాట గడగడా మాట్లాడతాను, చేపల బజారులో ఎవరితోనైనా పోట్లాటకి దిగుతాను. చదవడం మాత్రం రాదు. నా మొగుడికీ రాదు.

ఒక వానాకాలం చివర, అందులో ఒక పల్లె ముందున్న కాలువ వంతెన పక్కన కొత్త పలక ఒకటి వెలిసింది. ఆకుపచ్చ పలక, పసుపు అక్షరాలు. ఈ దేశంలో నుయ్యి తవ్వించినా, బల్ల వేయించినా, దారి పక్కన మంచినీళ్ళ కుండ పెట్టించినా దాతల పేర్లు రాసి పలక నాటుతారు. ఎవరో పుణ్యాత్ములు వంతెన బాగు చేయించారనుకున్నాం. నేను దణ్ణం కూడా పెట్టాను. బండి వంతెన మధ్యకి వెళ్ళేసరికి చెక్కలు ఫెళ్ళున విరిగాయి. ముందు చక్రం కిందకి దిగబడి బండి ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆయన మోకాలు స్టీరింగు కింద నలిగిపోయింది.

పొలాల్లోంచి ఆడవాళ్ళంతా పరిగెత్తుకొచ్చారు. ఆయన్ని బయటికి లాగుతూ ఒక ముసలమ్మ, "అయ్యో, దాతల పలక పెట్టాక కూడా ఇరిగిందేటమ్మా! మేం రోజూ మొక్కుకునే దాటుతున్నాం" అంది. చదువొచ్చిన ఒక బర్మా టీచరు సైకిలు మీద వచ్చి చూసేదాకా మాకెవరికీ తెలియలేదు. వంతెన బలం పోయింది, బరువు బళ్ళు పైదారిన పోవాలి అని రాసి ఉందట. ఒళ్ళు మండిపోయింది నాకు. ఆ దారిన నడిచేవాళ్ళలో చదివే మనిషి ఉన్నాడా అని పలక పెట్టినవాళ్ళు ఒక్కసారైనా అడిగారా? అక్కడ ఒక మనిషిని నిలబెట్టి నోటితో చెప్పిస్తే వాళ్ళ సొమ్మేం పోయేది?

ఆసుపత్రి వరండాలో మా మరిది నన్ను నిలదీశాడు. అతను పదో తరగతి దాకా చదువుకున్నవాడు, కొట్టులో అందరూ అతని మాటకి తలూపుతారు.

"వొదినా, ఎడం సీటులో కూకున్నది నువ్వే కదేటి? కళ్ళు ఏటి సేస్తన్నాయి?"

"కళ్ళకేటీ రోగం లేదు. పలక కనబడింది. సదవడం ఎవులు నేర్పారు నాకు? మీ అన్నకెవులు నేర్పారు? ఆయన్ని అడగవేటి?"

అతను వినలేదు. అన్న మోకాలు ఇంక క్లచ్చు తొక్కదని డాక్టరు చెప్పాడు కాబట్టి, బండికి జీతం మీద డ్రైవర్ని పెడతానన్నాడు. నేను కొట్టులో కూర్చుని పప్పు తూచుకోవాలట. "ఇంక ఆడోళ్ళు బండెక్కొద్దు" అని అందరి ముందూ తేల్చేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి నాకు. ఆ బండి నా సగం బతుకు. పైగా మొగుడి కాలు విరగ్గొట్టినదాన్ననే పేరు మోస్తూ ఆ తక్కెడ ముందు ముసలిదాన్ని కావాలా?

"బండి నేనే తోల్తాను" అన్నాను. మట్టి దారుల్లో ఆయనకి నడుం నొప్పి వచ్చినప్పుడల్లా తోలింది నేనే కదా. మరిది పకపకా నవ్వాడు. "లైసెన్సు పరీచ్చ బర్మా అచ్చరాల్లో ఉంటాది వొదినా" అన్నాడు. అదీ చూద్దాం అనుకున్నాను.

మా వీధి చివర బౌద్ధ మఠంలో, మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక, ఒక సయామ పెద్దవాళ్ళకి అక్షరాలు చెప్పేది. సయామ అంటే పంతులమ్మ. నుదుటన బొట్టుతో వెళ్ళి చాప మీద కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. బర్మా అక్షరాలు మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉంటాయి. తెలిసిన మొహాల్లాగే ఉంటాయి గాని ఒక్కటీ పలకదు! నా తల ప్రాణం తోకకొచ్చింది. కరెంటు పోతే కిటికీ దగ్గరికి జరిగి దిద్దేదాన్ని. బస్సు మీద రాతలు, మందుల కొట్టు బోర్డులు, మఠం మెట్ల మీద దాతల పేర్లు, ఏది కనబడితే అది కూడబలుక్కుంటూ నడిచేదాన్ని. వీధిలో వాళ్ళు నవ్వుకున్నారు. నవ్వనీ! ఇంటికొచ్చి పరీక్ష పుస్తకం పైకి చదువుతుంటే, మంచం మీద మా ఆయన కళ్ళు మూసుకుని వినేవాడు. తడబడితే, "ఆగవే, నిన్న అలా సదవనేదు నువ్వు" అనేవాడు. ఆ మాటకి నాకెంత ప్రాణం లేచొచ్చేదో!

పరీక్ష రోజున ఆఫీసు బయట ఒక దళారి వెంటపడ్డాడు. "ఆంటీ, ఈ వయసులో చదవడం ఎందుకు, నేను చూసుకుంటా" అన్నాడు. "నువ్వు చూసుకుంటే రోడ్డు మీద పలక కూడా నువ్వే వచ్చి చదువుతావా?" అని బర్మాలోనే కడిగేశాను. లోపల తెర మీద ప్రశ్నలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివాను. పక్కవాళ్ళు లేచి వెళ్ళిపోయినా నేను కదల్లేదు. పాసయ్యాను.

నేను తోలే మొదటి లోడు రోజు వచ్చింది. నూనె డబ్బాల మధ్య అక్షరాల పుస్తకాల కట్ట కూడా పెట్టాను. ఆ పల్లె ఆడవాళ్ళ కోసం సయామ ఇచ్చింది. మా ఆయన ఇంకా బండెక్కలేడు. ఎడమ సీటు ఖాళీగా ఉంది. మరిది మొహం గంటు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నువ్వు రా. నీకు సదువూ వచ్చు, కళ్ళూ ఉన్నాయి" అన్నాను. నలుగురూ చూస్తున్నారు. ఎక్కక తప్పలేదు.

నగరం ఉత్తరపు అంచు దాటుతుంటే వెదుళ్ళ లారీ ఒకటి ముందుకొచ్చింది. నత్తనడక, నల్లటి పొగ. నాకు దాని వెనక తలుపు తప్ప ఏమీ కనబడటం లేదు.

"మరిదీ, ఎల్లమంటావా?"

అతను తల బయటపెట్టాడు. లోపలికి తీసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. "ఏటో వస్తన్నట్టుంది" అన్నాడు. ఎదురుగా ఏదీ రాలేదు. మళ్ళీ అడిగాను. తలుపుని గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వే సూసుకో వొదినా."

"నాకు కనబడదు. నువ్వు సెప్పాల."

అతను మెడ లోపలికి లాక్కుని సీటుకి ఆనుకున్నాడు. నేను దాటలేదు. ఆ పొగ మింగుతూ లారీ వెనకాలే చాలా దూరం వెళ్ళాం. అప్పుడు, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఇన్నేళ్ళూ ఎలాగ సెప్పావొదినా?"

"ప్రతిసారీ బయపడుతూనే సెప్పాను," అన్నాను. "ఇప్పుడు నువ్వు సెప్పు."