కాదనలేని ప్రకాశం సారు

కోడుమూరు నేతగాళ్ళ వీధిలో ఉండే గురప్పకు కర్నూలు బస్టాండు కంటె ఇంగ్లండులోని ఒక విద్యానగరమే ఎక్కువ పరిచయమంటే నవ్వేవాళ్ళు ఉంటారు గాని, అది నిజం. ఆ ఊరి నదిలో పడవలు ఎక్కడ కడతారో, ఏ కళాశాల గంట ముందు మోగుతుందో, వానకు తడిసిన రాతిమెట్ల మీద ఎవరి కాలు జారిందో ఆయన మగ్గం ముందు కూర్చుని చెప్పగలడు. కాళ్ళు గుంతలో, కళ్ళు పడుగు మీద ఉన్నా, పదకొండేళ్ళుగా ఆయన చెవులు మాత్రం ఆ ఊళ్ళోనే కాపురమున్నాయి.

ఆ దారి చూపినవాడు ఎదురింటి ప్రకాశం సారు. చర్చి పక్కనున్న బడిలో ముప్పయ్యేళ్ళు ఇంగ్లీషు చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాడు. కర్నూలు పాతపుస్తకాల అంగడిలో ఒకే రచయిత్రి రాసిన పదకొండు అపరాధ పరిశోధన నవలలు ఒక కట్టగా దొరికితే తెచ్చుకున్నాడు. రోజూ ఉదయం కాఫీ తాగి, గురప్ప మగ్గం పక్కన ముక్కాలిపీట వేసుకుని, ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చెప్పేవాడు. రోజుకొక పుట, ఏడాదికొక పుస్తకం. ఎవరో ఒక పండితుడు చచ్చిపోవడం, కళాశాల గ్రంథాలయంలో పనిచేసే ఒక ముసలామె అల్లిక సూదులు పక్కన పెట్టి, టీ కలుపుకుంటూ, హంతకుణ్ణి పట్టివ్వడం. ఆమెకు గురప్ప పెట్టుకున్న పేరు పుస్తకాల అవ్వ.

"నల్ల గౌన్లా?" అని మొదటి పుస్తకంలోనే గురప్ప పడుగులో అటూ ఇటూ ఆడే నాడెను ఆపేశాడు. "అంత సదువుకున్న మగోళ్ళు ఆడపిల్లోళ్ళ మాదిరి గౌన్లేసుకుంటారా సారూ?"

"ఏమప్పా, మన సాములు కాషాయం కప్పుకోరా? వాళ్ళకు నల్లది. నువ్వు నెయ్యి, నేను చదువుతాండా."

సగం కథ గడిచేసరికి గురప్ప హంతకుణ్ణి తేల్చేసేవాడు. ప్రతిసారీ ఒకడే.

"వంటాయనే సారూ. అనుమానమే లేదు."

"కాదప్పా, కాదు. పాపం ఆ వంటాయన నీకేం ద్రోహం చేసినాడు?"

పది పుస్తకాలకు పదిసార్లు వంటవాడు నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ 'కాదప్పా' వినడానికే గురప్ప ఆ నింద వేస్తాడేమోనని వీధిలో వాళ్ళకు అనుమానం.

పదకొండో పుస్తకంలో ఒక వృద్ధాచార్యుడు ప్రార్థనామందిరం మెట్ల కింద శవమై పడి ఉన్నాడు. పిడికిట్లో చిరిగిన నల్లగుడ్డ పేలిక. పుస్తకాల అవ్వ దాన్ని కిటికీ వెలుగులో పట్టి చూసి, 'ఇది ఎవరిదో నాకు తెలుసు' అన్నది. ప్రకాశం సారు గురప్ప ఇచ్చిన ఎర్రనూలు పోగును ఆ పుటలో పెట్టి, "రేపు" అని లేచాడు. మర్నాడు తెల్లవారి కొళాయి దగ్గర మొగం కడుక్కుంటూ కుప్పకూలాడు. పక్షవాతం. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు గురప్ప మంచం పక్కన నిలబడి, "ఎట్లుండావు సారూ?" అన్నాడు.

సారు పెదవులు వంకరగా కదిలాయి. "...ఔను."

గురప్ప మొగం వికసించింది. "గౌనా? ఎవురి గౌను సారూ? ఆ పేలిక ఎవురిది?"

"గౌను కాదు చిన్నాయనా," అన్నది సారు కూతురు దీవెన. "ఔను. ఆ ఒక్క మాటే మిగిలింది. ఏమడిగినా అదే. లోపల అర్థమైతాందో లేదో డాక్టర్లూ చెప్పలేకుండారు."

గురప్ప నమ్మలేదు. వంగి, మెల్లగా అడిగాడు. "వంటాయనేనా సారూ?"

"ఔను."

పది పుస్తకాలపాటు కోరుకున్న మాట అది. అది విన్నాక ఇంటికి వెళ్ళి, ఆ పూట మగ్గం ముందు కూర్చోలేకపోయాడు.

పుస్తకం తాను చదివి చెప్తానని దీవెన అన్నది. గురప్ప వద్దన్నాడు. "ఆయన్నే చెప్పనీ తల్లీ. పోగు యాడుండాదో ఆడే ఉండనీ." మంత్రాలయం వెళ్ళి, తుంగభద్రలో మునిగి, బృందావనం ముందు చేతులు జోడించి, 'ఒక్కసారి ఆయనచేత కాదనిపించు స్వామీ' అని వేడుకున్నాడు. తెచ్చిన మంత్రాక్షతలను దీవెన కాదనకుండా తీసుకుని, తండ్రి తలాపున బైబిలు పక్కన పెట్టింది.

నెలలు గడిచాయి. మాట నాభిలో పుట్టి, గుండెలో రూపు కట్టి, గొంతులో పలుకుతుందని పెద్దలు చెప్తారు. సారు గుండెలో మాట ఇంకా రూపు కడుతున్నదా, లేక అక్కడా దీపం ఆరిందా? అది తెలియకపోవడమే గురప్పను తొలిచింది. తెలుసుకోవడానికి ఆయనకు తెలిసిన ఉపాయం ఒక్కటే ఉంది. ఒక ఉదయం ముక్కాలిపీటను తానే మోసుకొచ్చి, మంచం పక్కన వేసుకుని కూర్చున్నాడు.

"సారూ, నాకు తెలిసిపోయింది. సంపింది పుస్తకాల అవ్వే. పది పుస్తకాలు మనల్ని నమ్మిచ్చి మోసం చేసింది ముసల్ది."

"ఔను," అన్నది నోరు.

కాని ఎడమచెయ్యి దుప్పటిని పట్టి పిండసాగింది. మెడనరాలు ఉబ్బాయి. "ఔను... ఔను... ఔను..." మాట తరుముకొస్తున్నది. కంటికొసల నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. కళ్ళు మాత్రం రెప్పవాల్చకుండా గురప్పను కసురుతున్నాయి. అవి గురప్ప పదకొండేళ్ళుగా ఎరిగిన కళ్ళే.

సారు లోపలే ఉన్నాడు. అంతా వింటున్నాడు.

ఇది తెలిస్తే చాలనుకున్న గురప్పకు ఇప్పుడు అదే భారమైంది. మడుగులో చిక్కిన ఏనుగుకు మొర పెట్టుకునే గొంతైనా మిగిలింది. ఈయనకు అదీ లేదు. నేసిన బట్టలో తప్పు పడితే పేక విప్పి మళ్ళీ నేయవచ్చు, ఇక్కడ చేతికి అందే పోగే లేదు. ఆయన ఆ ఎడమచేతిని రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు.

సారు అనవలసిన మాటను తానే అన్నాడు.

"కాదులే సారూ. అబద్దం చెప్తి. ఆయమ్మ కాదు."

"ఔను," అన్నాడు ప్రకాశం సారు.