గుంజకు కట్టిన లింకు

సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో పుట్టిన దేవదాస్ 1996లో కరీంనగర్‌లోని ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరాడు. తల్లి కనకవ్వ నూలు కండెలు చుడుతూనే "మా పిలగాడు ఇగ సాంచ ముట్టడు" అని వాడకట్టంతా చాటింది. అయితే సెంటర్‌లో పక్కా నౌకరీ ఒక్కటే. అది దేవదాస్‌కైనా రావాలి, అతనికి పని నేర్పిన మనోరమకైనా రావాలి.

సెంటర్ యజమాని జైపాల్‌రావు సుల్తానాబాద్ రైస్‌మిల్లు కంప్యూటర్‌లో ప్రోగ్రాం ఎక్కించే పని దేవదాస్‌కు అప్పగించాడు. అది సరిగ్గా నడిస్తే నౌకరీ అతనిదే. ముందు ట్రయల్ ఫోల్డర్‌లో ఎక్కించి, నడిచాక అసలు ఫోల్డర్‌లోకి కాపీ చేయాలి. ప్రోగ్రాం లోపల ఫైళ్లకు లింకులు పెట్టాలి. లింకంటే ఫైలు ఎక్కడుందో చెప్పే చిరునామా, అంతే. ఉన్నచోటి నుంచి "పక్క గదిలో" అని రాయవచ్చు, లేదా ఊరి పేరుతో మొదలుపెట్టి మొత్తం రాయవచ్చు. మొదటిదైతే ఇల్లంతా మారినా చెల్లుతుంది. రెండోది పాత ఇంటినే చూపిస్తుంది.

దేవదాస్ తాత పడుగు దారాలు సాగదీసేటప్పుడు కొసను కదలని గుంజకు బిగించేవాడు. అది చూస్తూ పెరిగినవాడికి పూర్తి చిరునామాయే గట్టిదనిపించింది. పిచ్చివాడు, అన్నీ అట్లాగే రాశాడు.

"మనోరమక్కా, జర సూడరాదు. మంచిగున్నదా?"

సాయానికని మిల్లుకు వచ్చిన మనోరమ తీరిగ్గా అన్నీ చూసింది. "మస్తున్నది," అంది.

కాపీ అయ్యాక కూడా ప్రోగ్రాం నడిచింది. ఎందుకు నడవదు, లింకులన్నీ ఇంకా ట్రయల్ ఫోల్డర్‌నే పట్టుకుని ఉన్నాయి కదా! పని చూడడానికి మిల్లుకు వచ్చిన జైపాల్‌రావు శభాష్ అంటుండగా మనోరమ తీయగా అంది.

"ట్రయల్ ఫోల్డర్ ఇంక దేనికి, దేవదాస్? తీసెయ్యి, జాగ ఖాళీ అయితది."

తన చేత్తోనే తీసేశాడు. ప్రోగ్రాం ఆగిపోయింది. బయట వడ్ల లారీలు తూకం చీటీల కోసం నిలబడిపోయాయి.

"కండెలు సుట్టెటోన్ని తెచ్చి కుర్సీల కూసుండవెట్టిన. నాదే బుద్ధి తక్కువ," అన్నాడు జైపాల్‌రావు. మిల్లు గుమస్తాలు పగలబడి నవ్వారు. మనోరమ కూర్చుని, లింకులన్నీ పక్క గది చిరునామాలతో మళ్లీ రాసింది. లారీలు కదిలాయి. నౌకరీ ఆమెదైంది.

గేటు దగ్గర దేవదాస్ అడిగాడు. "నీకు ముందుగాల్నే తెల్సా అక్కా?"

"తెల్సు."

"మరి చెప్పకపోతివి?"

"చెప్తే నౌకరి నీకొస్తుండె."

దేవదాస్ సిరిసిల్లకు తిరిగొచ్చి సాంచ ముందు నిలబడ్డాడు. "కంప్యూటర్ సారొచ్చిండు!" అని కార్ఖానా అంతా ఒకటే నవ్వు. ఆ పేరే అతనికి ఉండిపోయింది. కోపం వస్తే కనకవ్వ కూడా అట్లాగే పిలిచేది.