నాయన జల్లెడ మిషన్... నేను తవ్వని కాసు

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున నంద్యాల బస్టాండులో అందరి చూపూ మా నాయన చంకలోని గోనెపట్టా మూట మీదే ఉండేది. అందులోంచి ఒక వెదురు కర్ర, దాని కొసన గుండ్రటి జల్లెడ చట్రం బయటికి పొడుచుకొని కనిపించేవి.

"ఏందప్పా ఇది?" అని బస్సులో కండక్టర్ అడిగేవాడు.

"మిషన్. భూమిలో ఇనుము, రాగి ఉంటే అరుస్తాది," అనేవాడు నాయన.

"వజ్రాలకు?"

"రాయికి అరవదప్పా."

అంతే, కండక్టర్‌కు దాని మీద ఆసక్తి పోయేది. తొలకరి పడితే చాలు, వజ్రాల కోసం చేల వెంట వంగి నడిచే జనం మా వైపు. రాయికి అరవని మిషన్ ఎవరికి కావాలి!

నాయనది రేడియో రిపేరు అంగడి. చెడిపోయిన ట్రాన్సిస్టర్ల సామాన్లతో ఆ మెటల్ డిటెక్టర్‌ను తనే చేసుకున్నాడు. అమ్మ పిండి జల్లెడలోని జాలీ పీకేసి, చెక్క చట్రానికి రాగితీగ చుట్టాడు. అమ్మ ఆ జల్లెడ కోసం వారం రోజులు సాధించింది... కొత్తది తెచ్చిచ్చాక కూడా సాధించింది.

ఆళ్లగడ్డ దగ్గర మాకు కొంచెం నల్లరేగడి చేను ఉండేది. బస్సు దిగి నేరుగా అక్కడికే పోయేవాళ్లం. ఆ మిషన్‌కు తెర లేదు, అంకెలు లేవు. చెవికి పెట్టుకుంటే ఎప్పుడూ 'కూ...' అని ఒకటే కూత. కింద ఇనుముంటే ఆ గొంతు దిగేది, రాగి ఉంటే లేచేది. బెత్తెడు లోతు దాటితే పట్టేది కాదు. అయినా నాయన కళ్లు మూసుకొని ఎంత ఓపికగా వినేవాడో... నాకూ అట్లే నేర్పించాడు.

దొరికేవన్నీ ఎద్దుల లాడాలు, తుప్పు మేకులు. నాకు మాత్రం అప్పుడప్పుడు చిల్లికాణీలు దొరికేవి... మధ్యలో బొక్క ఉండే పాతకాలపు రాగి కాసులు. అదీ సద్ది తిన్నాకే! "పాప చెయ్యి మంచిది," అనేవాడు నాయన. నేను పొంగిపోయేదాన్ని. ఇంటికి తెస్తే అమ్మ చింతపండుతో తోమి తన పాత పోపుల డబ్బాలో వేసుకునేది. వేస్తూ ఎందుకో నవ్వు ఆపుకునేది.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నాకు సిగ్గు మొదలైంది. "నిధులు తవ్వేటాయన కూతురు" అని బడిలో ఒకటే ఎగతాళి. ఒక ఆదివారం మండే ఎండలో, చేని హద్దుకు నాటిన బేతంచెర్ల బండ దగ్గర మిషన్ గొంతు దిగింది.

"ఇనుమే నాయనా. లాడం ఉంటాది."

"తవ్వి చూడు పాపా."

"తెలుస్తాంటే మళ్లా తవ్వేదెందుకు? నేను తవ్వను. ఇంటికి పోదాం."

నాయన ఆ బండ వైపు ఒకసారి చూశాడు. "సరే... పోదాం పా," అన్నాడు.

నేను మళ్లీ ఆయన వెంట పోలేదు. ఆయనా పిలవలేదు.

నాయన పోయి ఆరేళ్లవుతోంది. ఈ మధ్యనే ఆ చేను ప్లాట్లు వేసేవాళ్లకు ఇచ్చేశాం. ఆ మాటా ఈ మాటా చెప్పుకుంటూ చిల్లికాణీల సంగతి ఎత్తితే అమ్మ ఫక్కున నవ్వింది.

"అవన్నీ మీ నాయన పూడ్చినవే మే! నా డబ్బాలోవే ఎత్తుకపోయి, నువ్వు సద్ది తింటాంటే పూడ్చొచ్చేటోడు. నువ్వు తవ్వి తెస్తే నేను మళ్లా డబ్బాలో ఏస్తాంటి. అవే కాసులు తిరిగి తిరిగి నీకు దొరుకుతాండె."

నా చేతి చలవ గురించి పిల్లలకు కూడా గొప్పలు చెప్పుకున్నదాన్ని నేను!

"ఒగటి మాత్రం తిరిగి రాలా," అంది అమ్మ, ఈసారి నవ్వకుండా. "నీకు కూత బాగా తెలిసిపోయిందని, ముందే కనిపెట్టకుండా బండకాడ కాసు మీద లాడం పెట్టి పూడ్చినాడంట. నువ్వు తవ్వనంటివంట. నువ్వే తెచ్చేయొచ్చు గదా అంటే... 'పాపే తవ్వాల, ఉండనీ' అన్యాడు."

వారం తిరిగేలోపు హద్దు బండలన్నీ పీకేస్తారు.

చెప్పలేదు కదూ... ఈ పిచ్చి పెద్దయ్యాక నాకూ అంటుకుంది. తెర ఉన్న కొత్త డిటెక్టర్ కొనుక్కున్నాను. ఇదే సరదా ఉన్నవాళ్ల గుంపులో కొందరు ఇప్పటికీ పాత మిషన్లనే తుడుచుకొని, బాగుచేసుకొని వాడతారు. ఆ బరువు మోయడమెందుకని నవ్వేదాన్ని.

మర్నాడు పొద్దున్నే కొత్తదాన్ని తీసుకొని బండ దగ్గరికి పోయాను. అది ఉలకలేదు, పలకలేదు. ఇనుముంటే అరవకుండా మీట నొక్కి పెట్టుకోవడం నా అలవాటు... చిన్నప్పుడు ఆ ఆదివారం నేను చేసిందీ అదే కదా. మీట తీసేస్తే అదీ అరిచేదే. తియ్యబుద్ధి కాలేదు. తిరిగి ఇంటికొచ్చి, అటక మీది జల్లెడ మిషన్ దించి, ఊడిన తీగ అతికించి, కొత్త బ్యాటరీ వేసి మధ్యాహ్నం బస్సుకు మళ్లీ పోయాను. ఈసారి ఏ కండక్టరూ అదేందని అడగలేదు.

కూత మొదలైంది. బండ పక్కన గొంతు దిగింది. కళ్లు మూసుకొని కాసేపు విన్నాను. తర్వాత తవ్వాను.

ముందు తుప్పు పట్టిన లాడం వచ్చింది. దాని కింద, పచ్చగా చిలుము పట్టిన చిల్లికాణీ.

"తవ్వినా నాయనా," అన్నాను పైకే.

ప్లాట్ల కోసం చేను చదును చేస్తున్న డోజరు డ్రైవర్ పరుగెత్తుకొచ్చాడు. "ఏంది మేడమ్, బంగారమా?" చిల్లికాణీ పట్టుకొని ఏడ్చే మనిషిని ఆయన ఎప్పుడూ చూసి ఉండడు.

అమ్మ దాన్ని చింతపండుతో తోమలేదు. అట్లే డబ్బాలో వేసి మూత పెట్టింది.

ఇప్పటి మిషన్లు ఎక్కడ తవ్వాలో, ఎక్కడ తవ్వక్కర్లేదో అవే చెప్పేస్తాయి. నాయన మిషన్‌కు అంత తెలివి లేదు... అది అరిచిన ప్రతి చోటా మనమే మోకాళ్ల మీద కూర్చోవాలి. అట్లా ఆయన పక్కన ఇంకొక్క ఆదివారం కూర్చోవాలని ఉంది.

మీకోసం ఎవరైనా దాచిపెట్టి, మీరు విసుక్కొని వచ్చేసిన చోటు ఏదైనా ఉందా? ఉంటే ఇక్కడ రాయండి... కానీ ముందు పోయి తవ్వండి.