మల్లేశ్ గాంధారం

నిన్న పొద్దున హాస్టల్ నుంచి ఫోన్. "మల్లేశ్ పోయిండు. హార్ట్ ఎటాక్ అంట."

ఏ మల్లేశ్ అని అడిగాను. ఇంకో మల్లేశ్ అయితే బాగుండునని.

అప్పట్నుంచీ కుదురుగా ఉండలేకపోతున్నాను. తార్నాకలో మా ఇంటి నుంచి మెట్టుగూడ దాకా నడిచి, మళ్ళీ వెనక్కొచ్చాను. బంద్ కదా, రోడ్డంతా ఖాళీ.

వయొలిన్ శ్రుతి చేస్తాను. పెట్టెలో పెట్టేస్తాను. మళ్ళీ తీస్తాను.

తెలియనివాళ్ళ కోసం: వాడు క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తూ మ్యూజిక్ కంపోజ్ చేసేవాడు. బార్కస్‌లో ఊద్ అనే తీగల వాద్యం వాయించే ఒక పెద్దాయన దగ్గర అరబ్బు రాగాలు నేర్చుకుని, వాటితో చాంబర్ మ్యూజిక్ రాశాడు. రెండు వయొలిన్లు, రెండు క్లారినెట్లు. అన్నీ జంటలే. నా వయొలిన్‌కి జంట వాడి క్లారినెట్. ఈ ఆదివారమే మా మొదటి కచేరీ.

గొడవంతా సరిగమల్లోని 'గ', ఆ ఒక్క గాంధారం దగ్గర. వాడి గాంధారం మనకి తెలిసిన రెండు గాంధారాలకీ మధ్యలో ఉంటుంది. పదేళ్ళు కర్ణాటక సంగీతం నేర్చిన వేలు నాది. తెలియకుండానే దాన్ని పైకి సరిచేసేస్తుంది.

"అరే భాయ్, దాన్ని సక్కజెయ్యకు. గాడనే ఉండనియ్."

ఇరవైసార్లు ఆపించాడు. నాకు తిక్కరేగింది. "అపస్వరానికి అరబ్బు పేరు పెడితే రాగమైపోతుందా?" అని అందరి ముందూ అనేసి వచ్చేశాను.

తర్వాత రిహార్సల్స్‌కి వెళ్ళలేదు. క్యాంపస్‌లో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం, లాఠీచార్జీలు, ఇంట్లో పంపట్లేదని మెసేజ్ పెట్టాను. మేం కోస్తా వాళ్ళం కాబట్టి నమ్ముతాడనుకున్నాను. శుద్ధ అబద్ధం. నాది ఒట్టి పంతం.

మొన్న సాయంత్రం వాడే మా ఇంటికొచ్చాడు. టియర్ గ్యాస్‌కి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కర్టెన్ వెనకనుంచి చూశాను. అమ్మచేత ఇంట్లో లేనని చెప్పించాను.

"ఏం కాదమ్మా. వస్తే గిది ఇయ్యుండ్రి" అని కవరిచ్చి వెళ్ళిపోయాడు.

ఆ కవరు కూడా తెరవలేదు. నిన్న ఫోన్ వచ్చాక తెరిచాను.

నేను వాయించాల్సిన కాగితాలు. ప్రతి గాంధారం దగ్గరా తన గుర్తు రబ్బరుతో చెరిపి, నేను వాయించేదే రాశాడు. కింద పెన్సిల్‌తో ఒక లైను. "నీ గాంధారమే పెట్టిన. నువ్వైతే రా."

సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఒక్కొక్కటీ చెరిపి, నీ గుర్తులు మళ్ళీ పెట్టాను రా. పదిహేడు చోట్ల. వేలు ఇంకా పైకే పోతోంది. దించుతాను.

వెళ్ళిరా మల్లేశ్. ఇక నిన్నెవరూ సరిచేయరు. హాయిగా ఉండు.