బల్ల దగ్గర ఎనిడ్ చోటు

ఎనిడ్ ట్రెలోర్‌ను మా ఊళ్ళో ఎవరూ పొగిడేవాళ్ళు కాదు. ఆమె మాట కాదనేవాళ్ళూ లేరు. బోడన్ కుటుంబం గొర్రెల షెడ్డులో, ఇప్పటి యజమాని క్లైవ్ తండ్రి కాలం నుంచీ, ఉన్ని రకాలు వేరుచేసేది ఆమే. కత్తిరించిన బొచ్చును బల్ల మీద పరిచేవాళ్ళు. ఆమె ఒక సన్నటి పాయ లాగి, రెండు కొసలూ పట్టుకుని, చెవి దగ్గర పెట్టి వేలితో మీటేది. గట్టిదైతే తీగలా మోగుతుంది, లేదంటే చిటపటమని తెగుతుంది. ఏ బొచ్చు ఏ గూట్లోకి పోవాలో ఆమె చెప్పాకే.

ఆ ఏడు చలికాలంలో ఆమెకు నిమోనియా వచ్చింది. ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి ఊరంతా ఆమెకు బలహీనురాలనే కొత్త మాటలు సిద్ధం చేసి ఉంచింది. పాస్టరు ప్రార్థనలో ఆమెను ఇన్‌ఫర్మ్ అన్నాడు. రొట్టెల కొట్టు నడిపే డాట్ గొంతు తగ్గించి మరీ ఫ్రెయిల్ అంది. క్లైవ్ అయితే ఇంటికే వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, ఇప్పుడు డెలికేట్‌గా ఉన్నావు ఆంటీ, ఈసారికి విశ్రాంతి తీసుకో, ఉన్ని చూడ్డానికి ఎడిలైడ్ నగరం నుంచి మనిషిని పిలిపిస్తున్నాను అని చెప్పి వెళ్ళాడు. ఈసారికి అంటే ఇక ఎప్పటికీ అనేనని ఆమెకు తెలుసు. ఆ షెడ్డులో చోటు వదిలినవాళ్ళెవరికీ అది మళ్ళీ దక్కలేదు.

అప్పట్లో ఊరి గ్రంథాలయం నేను చూసుకునేదాన్ని. ఎనిడ్ వచ్చి పుస్తకమేదీ అడక్కుండా నా ఎదురుగా కూర్చుంది.

"ఒంట్లో బలం లేదనడానికి ఇన్ని మాటలెందుకే? అన్నీ ఒకటేగా?"

నిఘంటువు తీయబోతే వద్దంది. నాకు తెలిసింది చెప్పాను. వీక్ దేనికైనా అతుకుతుంది: టీకి, తాడుకి, వాదనకి. ఫీబుల్‌లో కాస్త చులకన ఉంటుంది, సాకుకీ కొడిగట్టిన దీపానికీ అంటారు. ఫ్లిమ్సీ పలచటి గుడ్డకీ అట్టపెట్టెకీ అనే మాట. ఇన్‌ఫర్మ్ అంటే ముసలితనంతో పాటు మంచం కూడా కళ్ళకు కడుతుంది. ఫ్రెయిల్ అనగానే ఎదుటివాళ్ళకు ముట్టుకోవాలంటే భయం. డెలికేట్ వినడానికి ముద్దుగానే ఉంటుంది, పింగాణీ కప్పును అన్నట్టు. కానీ ఆ కప్పులో ఎవరూ టీ పోసుకోరు, అలమారలో పెడతారు.

ఆమె ఒక్కో మాటకూ ఒక్కో వేలు మడుస్తూ విన్నది.

"నా ఊపిరి వీక్. అది నిజం. మెట్టెక్కితే ఆగాలి. మిగతావన్నీ నన్ను నిలువునా మూటగట్టే మాటలు" అని లేచింది.

కత్తిరింపులు మొదలైన రోజు నేనే ఆమెను షెడ్డుకు తీసుకెళ్ళాను. ఎడిలైడ్ మనిషి రావడానికి ఇంకో రోజు ఉంది. అందాకా క్లైవే బల్ల దగ్గర నిలబడ్డాడు. ఎనిడ్ అతన్ని పక్కకు జరిపి పని మొదలుపెట్టింది. కాసేపు బాగానే సాగింది. ఆ తరవాత దగ్గు తెర కమ్ముకొచ్చి, పక్కనున్న ఉన్ని మూట మీద కూలబడింది. క్లైవ్ కత్తిరింపు యంత్రాలు ఆపించాడు.

"నే చెప్పలా ఆంటీ? ఫ్రెయిల్ అయిపోయావు. పద, ఇంట్లో దింపుతా."

"ఎక్కడ్రా?"

"ఏంటి ఎక్కడ?"

"బలం లేనిది ఎక్కడో చెప్పు. వేళ్ళా, చెవా, కళ్ళా?"

క్లైవ్ చుట్టూ చూశాడు. కత్తిరించేవాళ్ళంతా చెవులు రిక్కించి వింటున్నారు. దగ్గుతున్నావుగా అని గొణిగాడు.

"అయితే ఊపిరి వీక్ అను, ఒప్పుకుంటా. ఉన్నిని ఊపిరితో చూస్తానట్రా?"

"పొద్దుట్నుంచీ అన్నీ ఒకే గూట్లో పడేశావు బాసూ, అసలు వీక్ నీ చెవే" అన్నాడు వెనకనుంచి ఒకడు. నవ్వులు లేచాయి.

ఎత్తు పీట కావాలంది ఎనిడ్. ఆ షెడ్డులో బల్ల ముందు ఎవరూ కూర్చోరు. నిలబడలేనివాడు ఇంటికి పోవడం అక్కడి పద్ధతి. కూర్చుని చేసినవాళ్ళు ఇంతవరకూ లేరన్నాడు క్లైవ్. ఇక నుంచి ఉంటారంది ఆమె.

ఎవరూ కదల్లేదు. నేను తేబోతే కంటితోనే వారించింది. మూలనున్న పీటను తనే ఈడ్చుకుంటూ, మధ్యలో ఆగి ఊపిరి కూడదీసుకుంటూ, బల్ల దాకా తెచ్చి కూర్చుంది.

మొదలుపెట్టమని క్లైవ్ చెయ్యి ఊపాడు. యంత్రాలు మళ్ళీ మోగాయి. తరవాతి బొచ్చును తనే రెండు చేతులా మోసుకొచ్చి ఆమె ముందు పరిచాడు. ఎడిలైడ్ మనిషికి ఏం చెప్పమంటావని అడిగాడు.

"రావద్దని చెప్పు. ముందు ఆ కొస సరిగ్గా పరుచు."