నీళ్లపాలైన ఎర్ర రోబో

ప్రొద్దుటూరులో బట్టలు కుట్టే ఖుర్షీద్‌బీ ఒకప్పుడు కువైట్‌లో ఇంటిపని చేస్తూ, ఆ ఇంటి పిల్లలతో కలిసి రోబోల కార్టూన్ చూసేది. తిరిగొచ్చాక ఆ సీరియల్ పాతబొమ్మలన్నీ పోగుచేసింది. ఎర్ర రోబో ఒక్కటే దొరకలేదు. అది పులివెందుల బాలనాగమ్మ దగ్గరుందని తెలిసినా, బయల్దేరినప్పుడల్లా ఎక్కడో ఒక ఫ్యాక్షన్ హత్య, దానికో బంద్.

ఎన్నికల ముందు ఎట్టకేలకు వెళ్లింది. తానూ కువైట్‌లో పనిచేసొచ్చిన బాలనాగమ్మ, విరగకుండా బొమ్మకు గుడ్డ చుట్టి, పైన పురికొసతో గట్టిగా బిగించి ఇచ్చింది.

దారిలో పోలీసులు బస్సు ఆపారు. పురికొస చుట్టిన ఉండను చూసి నాటుబాంబనుకుని, కానిస్టేబుల్ దాన్ని పేలకుండా నీళ్ల బకెట్‌లో ముంచేశాడు.

"అది బొమ్మ సార్," అంటూనే ఉంది ఖుర్షీద్‌బీ.

విప్పి చూసి అతను నసిగాడు. "ఏం జేసేదమ్మా, బాంబులు గూడా ఇట్లే చుడతాండారు. మీది ఏ పార్టీ?"

"బొమ్మకు పార్టీ ఏంది సార్?"

ఇంటికొచ్చి ఎండబెట్టి, కొత్త బ్యాటరీలు వేసింది. రోబో కదల్లేదు. ఛాతీ మీది రంగుకాగితం ఊడి చేతికొచ్చింది.

"బస్సు పోతాదని, బాలనాగమ్మ ఇంట్లో ఒక్కసారి నడిపిచ్చి గూడా చూడకపోతినే," అంది చెల్లెలితో.